బోటు గేర్ కేబుల్ ఎంత పొడుగు కొనాలి?

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర అండి, 18 అడుగుల ఫైబర్ బోటు, 40 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ మోటార్. గేర్ లివర్ బాగా బిగుసుకుపోతోంది. ఆయిల్ పోస్తే సరిపోద్దా, కొత్త కేబుల్ వేయాలా? పొడుగు ఎలా కొలవాలి?

జవాబు: ముందు ఇంజన్ దగ్గర కేబుల్ విప్పేసి లివర్ కదిపి చూడండి, ఫ్రీగా ఆడితే తేడా ఇంజన్ లింకేజీలో ఉన్నట్టు, అప్పటికీ బిగుసుగానే ఉంటే తేడా కేబుల్లోనో, లివర్ బిగించి ఉండే కంట్రోల్ బాక్సులోనో ఉన్నట్టు. కేబుల్ పై తొడుగు ఉబ్బినా పగిలినా లోపలికి ఉప్పునీళ్ళు దిగి తీగ తుప్పు పట్టిందన్నమాటే, ఇక ఆయిల్ పోసి లాభం లేదు, మార్చేయండి. గేరు కేబులూ, థ్రాటిల్ (స్పీడు పెంచే, తగ్గించే) కేబులూ రెండూ ఒకేసారి మారిస్తే మంచిది, రెండోది కూడా అదే ఉప్పులో నానింది కదా.

కొలత బోటు పొడుగుని బట్టి కాదండి, కేబుల్ నడిచే దారిని బట్టి. కంట్రోల్ బాక్స్ నుంచి బోటు పక్క గోడ వెంట వెనక్కి, అక్కడి నుంచి మోటార్ మధ్య దాకా తాడు పరిచి కొలవండి, దానికి లూప్ (మోటార్ దగ్గర కేబుల్‌కి వదులుగా ఉంచే వంపు) కోసం ఇంకో రెండున్నర మూడు అడుగులు కలపండి. ఆ లూప్ లేకపోతే మోటార్ తిప్పినప్పుడల్లా కేబుల్ లాగేసి గేర్ దానంతటదే పడే ప్రమాదం ఉంది, నడిసముద్రంలో అది చాలా డేంజర్. మామూలు కేబుల్‌కి ఏ మలుపూ 8 అంగుళాల రేడియస్ కంటే బిగువుగా ఉండకూడదు. చివరి ఫిట్టింగులు కంపెనీని బట్టి మారతాయి, అందుకే పాత కేబుల్ కొట్టుకి పట్టుకెళ్ళండి. బిగించాక మోటార్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, పైకి లేపి, ఎక్కడా పట్టేయట్లేదని చూసుకున్నాకే నీళ్ళలోకి దింపండి.