అమెరికాలో పసిబిడ్డను ఎక్కడ, ఎలా పడుకోబెట్టాలి?

డెలివరీ దగ్గరపడిన వాళ్ళంతా ఏ కంపెనీ క్రిబ్ (చుట్టూ కమ్మీలుండే పసిపిల్లల మంచం) కొనాలని అడుగుతున్నారు. క్రిబ్, బాసినెట్ (చిన్న తొట్టె), ప్యాక్ అండ్ ప్లే (మడిచిపెట్టుకునే పడక), ఏదైనా ఫరవాలేదు, కానీ కొత్తది కొనండి. ఎవరో వాడినది తీసుకుంటే పక్క కమ్మీ కిందికి జారే రకం కాకుండా చూసుకోండి, 2011లోనే వాటిని నిషేధించారు.

అందులో గట్టి పరుపు, దానికి బిగుతుగా పట్టే షీటు, అంతే. దిండు, దుప్పటి, బొమ్మలు వద్దు. క్రిబ్ లోపల చుట్టూ కట్టే మెత్తటి బంపర్లనూ, 10 డిగ్రీలకు మించి వాలుగా ఉండే పడకలనూ (స్లీపర్లు) 2022లో చట్టం చేసి మరీ ఆపేశారు, ఫ్రెండ్స్ ప్రేమగా ఇచ్చినా వాడకండి. చలిగా ఉంటే స్లీప్ శాక్ (ఒంటికి తొడిగే సంచిలాంటి దుప్పటి) తొడగండి, ఇంట్లో నిద్రపోయేటప్పుడు టోపీ అక్కర్లేదు.

ఇక అమ్మో అత్తగారో సూట్‌కేసులో తెచ్చే ఆవాల దిండు. తల గుండ్రంగా రావాలనే వాళ్ళ ఆరాటం అర్థమవుతుంది, కానీ దానికి దారి వేరే ఉంది: బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు మీరు పక్కనే కూర్చుని కాసేపు బోర్లా వేయండి. నిద్రకు మాత్రం పగలైనా రాత్రైనా వెల్లకిలానే. పాలు కక్కితే పొలమారుతుందని పెద్దవాళ్ళు భయపడతారు, నిజానికి వెల్లకిలా ఉన్నప్పుడు గాలి గొట్టం పైన, ఆహార గొట్టం కింద ఉంటాయి కాబట్టి కక్కిన పాలు పైకెక్కి ఊపిరితిత్తుల్లోకి పోవడం కష్టం, బోర్లా ఉన్నప్పుడే అది సులువు. ఇక్కడ 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని దేశమంతా ప్రచారం మొదలయ్యాక నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసిబిడ్డల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది.

పక్కలో వేసుకోవడం మన అలవాటే. ఇక్కడి పిల్లల డాక్టర్లు చెప్పేది కనీసం 6 నెలలు మీ గదిలోనే, కానీ వేరే పడక మీద. బాసినెట్‌ను మంచానికి ఆనించినట్టు పెట్టుకుంటే చెయ్యి చాపితే అందుతుంది, ఆపరేషన్ అయిన తల్లికీ సుఖం. రాత్రి పాలిస్తూ సోఫాలో, రిక్లైనర్‌లో కునుకు తీయడం అన్నిటికంటే ప్రమాదం, దయచేసి ఆ పని చేయకండి. బాగా నిద్ర ముంచుకొస్తుంటే భర్తను లేపండి.

మెడలో దిష్టి తాడు, నల్లపూసలు కట్టి పడుకోబెట్టకండి. గుడ్డలో చుట్టే అలవాటుంటే బిడ్డ దొర్లడానికి ప్రయత్నించిన రోజునే మానేయండి.

ఇవన్నీ అమ్మతో ఫోన్‌లో ముందే మాట్లాడండి. వచ్చాక అర్ధరాత్రి వాదన మొదలైతే బాలింతకే టెన్షన్. అప్పటికీ వినకపోతే పిల్లల డాక్టర్ దగ్గరికి మొదటిసారి వెళ్ళేటప్పుడు ఆవిడనూ తీసుకెళ్ళండి, అడిగితే చాలాచోట్ల ఫోన్‌లో తెలుగు అనువాదకులను ఉచితంగానే కలుపుతారు.