టీ కంపెనీ కప్పు గెలిచిన గని కార్మికులు

(పోయిన సంచికలో ఇంగ్లండులోని వెస్ట్ ఆక్లండ్ టౌన్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు గురించి చిన్న బాక్స్ ఐటం వేశాం. డరం కౌంటీలోని ఒక బొగ్గు గనుల ఊరి జట్టు 1909లో, 1911లో ఇటలీకి వెళ్లి సర్ థామస్ లిప్టన్ ట్రోఫీ గెలిచిందని, తర్వాత ఆ కప్పునే తాకట్టు పెట్టిందని దాని సారాంశం. తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి జవాబులు ఇవి.)

ప్రశ్న: 'నాన్-లీగ్' జట్టు అని రాశారు. అంటే ఏ లీగులోనూ ఆడదా? మన జిల్లా పోటీల లాంటిదా?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

లీగులోనే ఆడుతుంది, కాకపోతే ఆ లీగు వేరు. 1888లో పుట్టిన ఫుట్‌బాల్ లీగుకు బయట ఉన్న క్లబ్బులన్నిటికీ ఆ పేరు స్థిరపడింది. ఇప్పటి లెక్కలో ప్రీమియర్ లీగులో 20 జట్లు, దాని కింద మూడు డివిజన్లలో 24 చొప్పున 72, మొత్తం 92. అయిదో అంచె నుంచి కిందవన్నీ నాన్-లీగే. వెస్ట్ ఆక్లండ్ ఆడే నార్తర్న్ లీగు 1889లో మొదలైంది. దాని మొదటి డివిజన్ తొమ్మిదో అంచెలో ఉంటుంది.

మన దగ్గర జిల్లా పోటీలంటే ఎక్కువగా కొద్ది రోజుల్లో ముగిసే టోర్నమెంట్లు. అక్కడ ఆగస్టులో మొదలుపెట్టి వేసవి దాకా వారం వారం ఆడాలి. ప్రతి జట్టుతోనూ ఒకసారి సొంత మైదానంలో, ఒకసారి వాళ్ల ఊళ్లో. అందుకే ప్రతి క్లబ్బుకూ సొంత మైదానం, టికెట్ గేటు, ప్రయాణ ఖర్చు తప్పవు. ఖర్చుల గొడవ మొదలయ్యేదీ అక్కడే.

గెలిచినంత మాత్రాన పైకి పోవడం కూడా కుదిరేది కాదు. అయిదో అంచె విజేత నేరుగా నాలుగో అంచెకు ఎక్కే పద్ధతి 1986–87 సీజను నుంచే వచ్చింది. అంతకుముందు లీగు క్లబ్బులు ఓట్లేసి ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో తేల్చేవి. యాషింగ్టన్ అనే మరో గని ఊరి జట్టు 1921లో లీగులోకి వచ్చి, 1929లో ఓటింగులోనే బయటికి పోయింది. 1966 ప్రపంచ కప్పు గెలిచిన బాబీ, జాక్ చార్ల్‌టన్ సోదరులది ఆ ఊరే. తండ్రి బొగ్గు గని కార్మికుడు.

ప్రశ్న: వుల్విచ్ ఆర్సెనల్‌ను పిలవబోయి, పొడి అక్షరాలు ఒకటే కావడంతో వెస్ట్ ఆక్లండ్‌ను పిలిచారని విన్నాను. నిజమేనా? ఇదే తొలి ప్రపంచ కప్పు అనవచ్చా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాళహస్తి

చెప్పుకోవడానికి బాగున్న కథ. దానికి నమ్మదగ్గ ఆధారం మాత్రం ఎవరూ చూపలేదు. వుల్విచ్ ఆర్సెనల్ (ఇప్పటి ఆర్సెనల్) అప్పటికి ఫుట్‌బాల్ లీగు మొదటి డివిజన్లో ఆడే ప్రొఫెషనల్ జట్టు. పోటీ జరిగింది ఏప్రిల్లో, ఈస్టర్ సెలవుల్లో. లీగు సీజను ఇంకా నడుస్తున్న రోజులవి. ఆ సమయంలో అలాంటి జట్టు ఇటలీకి కదలడం చాలా కష్టం. ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ జట్టును పంపడానికి ఒప్పుకోలేదు కాబట్టే లిప్టన్ వైపు వాళ్లు నేరుగా ఒక అమెచ్యూర్ (డబ్బు తీసుకోకుండా ఆడే) జట్టును పిలవాల్సి వచ్చింది. ఇంతవరకు గట్టిగా చెప్పవచ్చు.

1909లో టురిన్ నగరంలో ఆడింది నాలుగు జట్లు. వెస్ట్ ఆక్లండ్ సెమీఫైనల్లో జర్మనీ జట్టు స్టుట్‌గార్ట్ స్పోర్ట్‌ఫ్రాయిండెను 2–0తో, ఫైనల్లో స్విట్జర్లాండ్ జట్టు వింటర్‌థూర్‌ను 2–0తో ఓడించింది. నాలుగోది యువెంటస్, టొరినో ఆటగాళ్లను కలిపి కట్టిన స్థానిక జట్టు. 1911లో సెమీఫైనల్లో జూరిచ్‌పై 2–0, ఫైనల్లో యువెంటస్‌పై 6–1. రెండుసార్లు గెలిచారు కాబట్టి కప్పు శాశ్వతంగా వాళ్లకే ఇచ్చేశారు.

తొలి ప్రపంచ కప్పు అనకపోవడమే న్యాయం. ఆడినవి దేశాల జట్లు కావు. పైగా 1908లోనే అదే టురిన్‌లో ఒక అంతర్జాతీయ క్లబ్ పోటీ జరిగింది, జెనీవా జట్టు సెర్వెట్ గెలిచింది. ఆ బిరుదు తీసేసినా వీళ్ల గెలుపు విలువ తగ్గదు. పనికి పోతే తప్ప పూట గడవని మనుషులు యువెంటస్‌కు ఆరు గోల్స్ కొట్టారు.

కప్పిచ్చిన లిప్టన్ మన టీ కొట్లలో కనిపించే లిప్టనే. గ్లాస్గోలో కిరాణా వ్యాపారిగా మొదలై, సిలోన్ తోటలు కొని టీ అమ్మిన పెద్దమనిషి.

ప్రశ్న: కూలి మానుకుని అంత దూరం ఎలా పోయారు? గెలిచిన కప్పును తాకట్టు పెట్టాల్సినంత కష్టం ఏమొచ్చింది?
– ప్రైవేటు ఉద్యోగి, పుత్తూరు

ఈ క్లబ్బు చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. గోల్స్ లెక్క ఎక్కడైనా దొరుకుతుంది, డబ్బు లెక్క తెలియకపోతే గని జట్టు కథ అర్థం కాదు.

బొగ్గు తవ్వేవాడికి అప్పట్లో నెల జీతం లేదు. తవ్విన బొగ్గు తూకాన్ని బట్టి కూలి. ప్రతి ఒక్కరికీ నంబరు వేసిన చిన్న బిళ్లలు ఇచ్చేవాళ్లు. టబ్బు (బొగ్గు మోసే చిన్న బండి) నింపగానే తన బిళ్ల దానికి తగిలించాలి. టబ్బు పైకొచ్చాక తూకం వేసి ఆ నంబరు కింద రాసుకునేవారు. కంపెనీ మనిషి తూకంలో మోసం చేయకుండా కార్మికులు తమ తరఫున ఇంకో మనిషిని పెట్టుకునే హక్కు చట్టంలోనే ఉండేది. బిళ్ల పైకి రాని రోజు కూలి సున్నా. ఈస్టర్ సెలవులు కలిసొచ్చినా, రైలు, ఓడ, మళ్లీ రైలు కలిపి పోను రాను పట్టే రోజులకు కూలి పోయినట్టే. ఇంట్లో సామాన్లు అమ్మి ఛార్జీలు కూడబెట్టుకున్నారని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అమెచ్యూర్ నిబంధన ఇంకో దెబ్బ. ఆటగాడికి ఖర్చులు ఇవ్వవచ్చు గానీ ఆడినందుకు డబ్బివ్వకూడదు. డబ్బున్నవాడికి అది గౌరవం, కూలివాడికి నష్టం. చాలా క్లబ్బుల్లో మ్యాచ్ అయ్యాక బూట్లలో నోట్లు పెట్టే అలవాటు అందుకే పుట్టింది. అమెచ్యూరు, ప్రొఫెషనల్ అనే తేడాను ఇంగ్లండులో 1974లో తీసేశారు.

1911 గెలుపు తర్వాత క్లబ్బు అప్పుల్లో పడింది. ఊళ్లో హోటల్ నడిపే ఆవిడ దగ్గర కప్పు పెట్టి 40 పౌండ్లు తెచ్చుకున్నారు. అప్పటి మారకంలో పౌండుకు 15 రూపాయలు, అంటే మన డబ్బులో 600. విడిపించింది 1960లో, 100 పౌండ్లు కట్టి. అప్పటి రేటున సుమారు 1,333 రూపాయలు. ఆ రోజుల్లో జట్టు మంచి ఊపు మీద ఉంది: 1959–60లో, 1960–61లో నార్తర్న్ లీగు ఛాంపియన్, 1961లో వెంబ్లీలో అమెచ్యూర్ కప్ ఫైనల్. ఆ ఫైనల్లో వాల్తమ్‌స్టో ఎవెన్యూ చేతిలో 1–2తో ఓడింది.

అంత కష్టపడి విడిపించుకున్న కప్పును 1994 జనవరిలో ఊళ్లోని కార్మికుల క్లబ్బు నుంచి దొంగలు ఎత్తుకుపోయారు. ఇప్పుడున్నది అచ్చం దానిలాగే చేయించినది.

ప్రశ్న: ఆ ఊళ్ల నుంచి పెద్ద ఆటగాళ్లు ఎవరైనా వచ్చారా?
– చంద్రగిరి

జాక్ గ్రీన్‌వెల్ పేరు గుర్తుపెట్టుకోండి. పక్కనున్న క్రూక్ ఊరివాడు, గనిలో పనిచేసినవాడు. 1909లో వెస్ట్ ఆక్లండ్ తరఫున అతిథి ఆటగాడిగా టురిన్ వెళ్లాడు. తర్వాత బార్సిలోనాకు ఆడి, 1917 నుంచి అదే క్లబ్బుకు కోచ్ అయ్యాడు. 1939లో పెరూ దక్షిణ అమెరికా ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు కోచ్ ఈయనే.

ప్రశ్న: గనులు మూతపడితే జట్టు ఎలా నిలుస్తుంది? కొన్ని క్లబ్బుల పేర్లలో 'వెల్ఫేర్' అని ఎందుకుంటుంది?
– చిత్తూరు

1920 చట్టం ప్రకారం తవ్విన ప్రతి టన్ను బొగ్గు మీద ఒక పెన్నీ చొప్పున గని యజమానులు కార్మికుల సంక్షేమ నిధికి కట్టాలి. ఆ డబ్బుతో గని ఊళ్లలో మైదానాలు, హాళ్లు కట్టారు. ఆ మైదానాల్లో ఆడే జట్లకు 'మైనర్స్ వెల్ఫేర్' పేర్లు వచ్చాయి. గని పేరే పెట్టుకున్న 'కాలరీ' (బొగ్గు గని) జట్లూ ఉన్నాయి.

1984–85 గని కార్మికుల సమ్మె ఓడిపోయాక గనులు వరసగా మూశారు. డరం బొగ్గు ప్రాంతంలో చివరిది వేర్‌మౌత్, 1993లో పోయింది. ఆ స్థలంలోనే ఇప్పుడు సండర్లాండ్ స్టేడియం ఉంది. గని పోతే జట్టుకు తగిలే దెబ్బలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మొదట మైదానం ఎవరిదన్న పేచీ. తర్వాత ఆటగాళ్లు పని వెతుక్కుంటూ ఊరు దాటుతారు, సాయంత్రం ప్రాక్టీసుకు పదకొండు మంది కూడరు. ఫ్లడ్‌లైట్ల కరెంటు బిల్లు మాత్రం ఆగదు. భూమి కాగితాలు ముందే క్లబ్బు పేరనో ట్రస్టు పేరనో ఉన్నచోట బతికే అవకాశం ఎక్కువ. వెస్ట్ ఆక్లండ్ అయితే 2012లోనూ, 2014లోనూ కింది అంచెల జట్లకు పెట్టే ఎఫ్.ఎ. వేజ్ పోటీలో ఫైనల్ దాకా వచ్చింది. రెండుసార్లూ ఓడింది, ఆట మాత్రం ఆపలేదు.

ప్రశ్న: మా తాత కోలారు బంగారు గనుల్లో పనిచేస్తూ ఫుట్‌బాల్ ఆడేవాడు. ఇంట్లో ఒక జట్టు ఫొటో, చిన్న షీల్డు, పాత కాగితాలు ఉన్నాయి. వీటితో ఆ జట్టు చరిత్ర రాయాలని ఉంది. ఎట్లా మొదలుపెట్టాలి?
– కుప్పం

తప్పకుండా రాయండి. ఆలస్యం చేయవద్దు, ఎందుకంటే ఆడినవాళ్ల వయసు ఇప్పటికే పెద్దది.

ఫొటో అద్దానికి అంటుకుని ఉంటే లాగొద్దు. పైపొర జిలటిన్, అది అద్దంతోపాటే ఊడివస్తుంది. అద్దం మీది నుంచే, మెరుపు పడకుండా పక్క వెలుతురులో తీయండి. విడిగా ఉంటే రెండు వైపులా 600 డీపీఐతో స్కాన్ చేయించండి, వెనక రాతలే ఒక్కోసారి అసలు సమాచారం. లామినేషన్ వద్దు, ఆ వేడికి అతుక్కున్నది మళ్లీ రాదు. వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిలే. బాల్‌పెన్ ఒత్తిడికి ముందువైపు గీత లేస్తుంది. నిలబడ్డవాళ్లు ఎడమ నుంచి కుడికి, తర్వాత కూర్చున్నవాళ్లు, అదే వరసలో రాయండి. తెలియనివాళ్ల చోటు ఖాళీగా వదలండి, ఊహించి నింపొద్దు.

షీల్డును పాలిష్ చేయొద్దు, రుద్దే కొద్దీ చెక్కిన అక్షరాలు అరుగుతాయి. పల్చటి కాగితం పైన పరిచి పెన్సిల్‌ను అడ్డంగా పెట్టి రుద్దితే కంటికి ఆనని అక్షరాలు తేలతాయి.

కాలం తేల్చడానికి జీతం చీటీలే మంచి సాక్షులు. 1880 నుంచి ఆ గనులు జాన్ టేలర్ కంపెనీ నడిపింది. 1956లో మైసూరు ప్రభుత్వం తీసుకుంది, 1962లో కేంద్రం చేతికి పోయాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. చీటీ మీద ఏ పేరుందో చూస్తే అది వీటిలో ఏ కాలానిదో తెలుస్తుంది. ఫొటోలో ఆటగాళ్లు చెప్పుల్లేకుండా ఉంటే 1950ల మొదటి సంవత్సరాలకు ముందుదయ్యే అవకాశం ఎక్కువ. 1952 ఒలింపిక్స్ తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. నలుపు తెలుపు ముక్కల బంతి కనిపిస్తే 1970కి దగ్గర్లోదో, ఆ తర్వాతిదో.

పెద్దవాళ్లను అడిగేటప్పుడు 'ఏ సంవత్సరం' అనకండి, తప్పు చెబుతారు. 'కంపెనీ చేతులు మారకముందా, తర్వాతా', 'పెళ్లికి ముందా' అని అడగండి. ఒకరి మాట ఇంకొకరు వినకుండా ఇద్దరిని విడివిడిగా అడిగి, రెండూ కలిసినదే ఖాయంగా రాయండి. కలవకపోతే రెండూ రాసి, ఎవరు చెప్పారో పక్కన పెట్టండి. స్కోర్ల కంటే ముందు అడగాల్సినవి ఇవి: ఏ గని, ఏ షిఫ్టు, మ్యాచ్ రోజు కూలి పోయేదా, బూట్లు ఎవరు కొనిచ్చారు, గాయమైతే ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, మైదానం ఎవరిది, వేరే గని జట్టు మీదికి ఎలా పోయేవారు. ఒక్కో జవాబునూ ఒక్కో కాగితం మీద, చెప్పినవారి పేరు, ఊరు, తేదీతో రాసుకోండి. చివర్లో వరస మార్చుకోవడం సులువవుతుంది.