పాపను కనూ ట్రిప్‌కి పంపాలా?

సమ్మర్ క్యాంప్ వాళ్లు మీ 14 ఏళ్ల అమ్మాయిని మిన్నెసోటాలోని బౌండరీ వాటర్స్ అనే అడవి సరస్సుల ప్రాంతానికి వారం రోజుల కనూ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) ట్రిప్‌కి తీసుకెళ్తామంటున్నారని, ఫోన్ కూడా పనిచేయదని భయంగా ఉందన్నారు కదండీ. నన్నడిగితే పంపండి. కానీ డబ్బు కట్టేముందు కొన్ని విషయాలు గట్టిగా అడగండి.

అక్కడ 1000కి పైగా సరస్సులున్నాయి, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఎవరికైనా దెబ్బ తగిలితే సాయం అందడానికి గంటలు పట్టొచ్చు. ఈలోపు చూసుకోవాల్సింది లీడర్లే. అందుకే వాళ్లకు వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ శిక్షణ (ఆసుపత్రికి దూరంగా అడవుల్లో ప్రథమ చికిత్స చేయడానికిచ్చే శిక్షణ) ఉందా, సిగ్నల్ లేనిచోట కూడా సాయం కోరగలిగే శాటిలైట్ పరికరం వెంట తీసుకెళ్తారా అన్నవే నా దృష్టిలో అసలు ప్రశ్నలు. వీటికి సూటిగా జవాబు చెప్పకపోతే ఆ క్యాంప్ వద్దు. గుంపుకి 9 మందికి మించకూడదని అక్కడ నిబంధన ఉంది కాబట్టి, పెద్ద గుంపులో పిల్లను ఎవరూ పట్టించుకోరేమో అన్న టెన్షన్ అక్కర్లేదు.

పాపకు ఈత రాకపోతే ఇప్పుడే నేర్పించండి. ఈత వచ్చినా సరే, నీళ్ల మీద ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ తీయకూడదు. సరస్సుకీ సరస్సుకీ మధ్య కనూనీ సామాన్లనీ మోస్తూ నడవాలి, తడిసినా జారని బూట్లు కొనండి. నెలసరి గురించి మహిళా లీడర్‌తో ముందే మాట్లాడండి. శాకాహారులైతే అదీ చెప్పండి.

ఆవకాయ పంపాలనుకుంటే గాజు సీసాలో వద్దు, అక్కడ గాజు సీసాలు నిషేధం. ఆవకాయను లీడర్‌కే ఇవ్వమని పాపకు చెప్పండి. ఎలుగుబంట్లు తిరిగే చోటు, టెంట్‌లో తినేవి ఏవీ ఉండకూడదు.