రిసార్టు లేకుండానే మాల్దీవులు

రిసార్టు ధరలు చూసి, దంపతులిద్దరూ మాల్దీవుల ప్రయాణం మానుకుందామా అని అడిగారు కదా. మానుకోకండి, రిసార్టును మానుకుంటే చాలు. మాఫుషి, తొడ్డూ, ఉకుల్హాస్ వంటి దీవుల్లో స్థానికుల ఇళ్ల మధ్యే గెస్ట్‌హౌస్‌లున్నాయి. సముద్రం అక్కడా అదే నీలం!

అసలు ఖర్చు పడవ దగ్గర పెరుగుతుంది. రాజధాని మాలే నుంచి మాఫుషికి ప్రభుత్వ ఫెర్రీ సుమారు గంటన్నర పడుతుంది, టికెట్టు రెండు మూడు డాలర్లే. స్పీడ్‌బోటు అరగంటలో చేరుస్తుంది కానీ దానికి ఎన్నో రెట్లు అడుగుతారు. శుక్రవారం ఫెర్రీలు సాధారణంగా నడవవు, కాబట్టి ఆ రోజు దిగేలా విమానం బుక్ చేయకండి.

గది అద్దె చూసి మురిసిపోకండి. చాలాచోట్ల దానిపై 17 శాతం పన్ను, 10 శాతం సేవా రుసుము కలుపుతారు. చిన్న గెస్ట్‌హౌస్‌లలో తలకు రోజుకు 6 డాలర్ల గ్రీన్ ట్యాక్స్ (పర్యావరణ పన్ను) అదనం. మొత్తం ఎంతో ముందే రాయించుకోండి.

ఈ దీవుల్లో మద్యం దొరకదు. ఈత దుస్తులు వాటికి కేటాయించిన బీచ్‌లోనే వేసుకోవాలి. రిసార్టు మోజు తీరకపోతే ఒక పూట డే పాస్ తీసుకోండి, రాత్రికి గెస్ట్‌హౌస్‌కు తిరిగి రావచ్చు. భారతీయులకు వీసా దిగాక ఉచితంగానే ఇస్తారు.