ఆఖరి హోమ్‌కమింగ్ మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

వ్యాసం అందింది. మొదటి పేరా కొట్టేసెయ్. "నాలుగేళ్ళు ఎలా గడిచాయో తెలియనే లేదు" అంటూ మొదలయ్యే వీడ్కోలు వ్యాసాలు అటక మీద పెట్టినా పట్టనన్ని ఉన్నాయి. నీ వ్యాసం అసలు మొదలైంది నాలుగో పేరాలో, టిష్యూ కాగితాలు కనిపించిన చోట.

ముందు నెలల లెక్క సరిచూసుకో. మీ మిస్సోరి యూనివర్సిటీలో హోమ్‌కమింగ్, అంటే పాత విద్యార్థుల్ని తిరిగి పిలిచే పండగ, శరదృతువులో వస్తుంది, పట్టా ఇచ్చేది మే నెలలో. ఈ మధ్యలో డిసెంబరు పరీక్షలున్నాయి, ఇంకో సెమిస్టర్ ఫీజుంది, ఉద్యోగాల వేటుంది. నీ చిత్తుప్రతిలో మాత్రం శనివారం ఫుట్‌బాల్ ఆట అయిపోగానే పెట్టె సర్దేసుకుని ఊరు దాటేస్తున్నట్టు ఉంది. చదివేవాడు అక్కడే జారిపోతాడు. ఇంకా ఇన్ని నెలలుండగా నాలుగో ఏడు సీనియర్లు అప్పుడే ఎందుకు కళ్ళు తుడుచుకుంటారు? నీ వ్యాసం జవాబు చెప్పాల్సింది దీనికే.

నాకు తోచింది చెప్తాను. ఆ పండగ ఎప్పుడో వెళ్ళిపోయినవాళ్ళ కోసం పుట్టింది. వాళ్ళొస్తారని అక్కడున్నవాళ్ళు ఇళ్ళు అలంకరించి, ఊరేగింపు కట్టి ఎదురుచూస్తారు. ఈ ఏడు నువ్వు వడ్డించే వరసలో ఉన్నావు. వచ్చే ఏడు విమానం టికెట్ కొనుక్కుని వెళ్ళినా విస్తరి ముందు కూర్చోవాల్సిందే. పండగ ఎక్కడికీ పోదు, నీ చేతిలో గరిటె పోతుంది. అయితే ఈ మాట ఇలాగే వ్యాసంలో పెట్టకు. గరిటెను చూపించు, మిగతాది చదివేవాడే పట్టుకుంటాడు.

గరిటె అంటే నీ వ్యాసంలో పాంపులే. "రాత్రంతా పాంపులు చేశాం, ఎంతో సరదాగా గడిచింది" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. తెలుగులో చదివేవాళ్ళలో నూటికి తొంభైమందికి పాంపు అంటే ఏమిటో తెలియదు. చిన్న చదరపు టిష్యూ ముక్కని పెన్సిలు రబ్బరు కొసకి చుట్టి, ఆ కొసని జిగురులో ముంచి, ప్లైవుడ్ మీద గీసుకున్న బొమ్మ లోపల నిలబెట్టడం. బొమ్మకి గుండ్రటి ఒళ్ళు కావాలంటే కోళ్ళ గూటికి కట్టే ఇనుప వలని వంచి, టిష్యూ ముక్క నడుమ చిటికెతో పట్టుకుని వల కన్నంలోకి దూర్చడం. ఇది రాశాక లెక్క కూడా చెప్పు. అంగుళానికొకటి చొప్పున అతికిస్తే చదరపు అడుగుకి 144 పాంపులు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న ఒక్క ప్లైవుడ్ షీటుకి 4,608. ఒక్కోదానికి పది సెకన్లే అనుకున్నా ఒక మనిషికి పన్నెండు గంటలు దాటుతుంది. ఇంటి ముందు పచ్చికలో నిలబెట్టే అలంకరణకి ఒక్క షీటు సరిపోదు కదా! "చాలా కష్టపడ్డాం" అన్న మాట అక్కర్లేకుండా ఆ అంకెలే చెప్తాయి.

ఎక్కడ చెడుతుందో కూడా రాయి. చెడింది రాయకపోతే ఎవరూ నమ్మరు. జిగురు ఎక్కువైతే టిష్యూ తడిసి చతికిలబడుతుంది, పువ్వులా విచ్చుకోదు. తక్కువైతే షీటు నిలబెట్టగానే రాలుతుంది. వాన పడితే రంగు దిగి, నలుపు పక్కనున్న బంగారు రంగులోకి పాకుతుంది. మీ యూనివర్సిటీ రంగులు ఆ రెండే, మీ జట్టు గుర్తు పులి, కాబట్టి ఆ పులి చారలు చెరిగిపోవడానికి ఒక్క జల్లు చాలు. వేళ్ళకి అంటిన పసుపు సబ్బుకి సగమే పోతుందని నువ్వు మార్జిన్‌లో రాసుకుని ఎందుకు కొట్టేశావో నాకు అర్థం కాలేదు. వ్యాసం మొత్తంలో నాకు నచ్చిన వాక్యం అదే. తిరిగి పెట్టు.

నాలుగు హోమ్‌కమింగులూ వరసగా చెప్పాలన్న ఆశ వదులుకో. రెండు చాలు, మొదటిదీ ఆఖరిదీ. రెండిట్లోనూ అదే గది, అదే రాత్రి వేళ. మొదటి ఏడు ఎవరో షీటు ముందు కూర్చోబెట్టి, నీ చేతికి పెన్సిలిచ్చారు. నాలుగో ఏడు నువ్వే రంగుల వారీగా టిష్యూ కట్టలు విడదీసి ఫ్రెష్‌మెన్‌కి, అంటే మొదటి ఏడువాళ్ళకి, పంచుతున్నావు. తొమ్మిది వందల మాటల వ్యాసంలో ఈ గదికి నాలుగు వందలు ఇవ్వు. శుక్రవారం సాయంత్రం పాత విద్యార్థులు పిల్లల్ని వెంటేసుకుని అలంకరణలు చూడ్డానికొచ్చే చోటుకి రెండు వందలు. శనివారం పొద్దుటి ఊరేగింపుకి వంద మించనివ్వకు. ఆటకి యాభై చాలు. స్కోరు ఎవరిక్కావాలి?

చరిత్ర పెట్టాలనుకుంటే మూడు వాక్యాలు, అదీ పాతవాళ్ళు పచ్చిక మీదికొచ్చిన తర్వాతే. 1911లో కాన్సస్ యూనివర్సిటీతో ఆట మీ ఊరు కొలంబియాలోనే జరిపించాల్సి రావడంతో, క్రీడల డైరెక్టరు చెస్టర్ బ్రూవర్ పాత విద్యార్థుల్ని "ఇంటికి రండి" అని పిలిచాడు. ఆట 3-3తో తేలకుండా ముగిసింది. అవతల కాన్సస్ యూనివర్సిటీ ఉన్న లారెన్స్ ఊళ్ళో వెయ్యి మందికి పైగా జనం వీధిలో గుమిగూడి, టెలిగ్రాఫ్ తీగ మీద వస్తున్న కబుర్లతో ఆటని బోర్డు మీద చూశారు. ఈ మూడోది తప్పక పెట్టు, కదిలే బొమ్మలా ఉంది. "ప్రపంచంలోనే మొట్టమొదటి హోమ్‌కమింగ్" అని మాత్రం రాయకు. బేలర్ యూనివర్సిటీ మాది 1909 అంటుంది, ఇల్లినాయ్ యూనివర్సిటీ మాది 1910 అంటుంది. "మాదే మొదటిదని మిస్సోరి చెప్పుకుంటుంది" అంటే నిజమూ నిలుస్తుంది, కాస్త చమత్కారమూ ఉంటుంది.

స్తంభాల దృశ్యం తీసెయ్యాలి. 1892 జనవరిలో అకడమిక్ హాల్ తగలబడ్డాక మిగిలిన ఆ ఆరు స్తంభాల మధ్య నుంచి కొత్తవాళ్ళు యూనివర్సిటీ ప్రధాన భవనం జెస్సీ హాల్ వైపు నడుస్తారు, సీనియర్లు ఎదురు దిశలో ఊరి వైపు నడుస్తారు. అందమైన ఆచారమే. కానీ ఆ సీనియర్ల నడక హోమ్‌కమింగ్‌లో జరిగేది కాదు, చదువు ముగిసే వేళ జరిగేది. వ్యాసానికి పనికొస్తుందని ఆచారాన్ని నెలలు జరిపితే, అక్కడ చదివినవాళ్ళు మొదటి చూపులోనే పట్టేస్తారు.

ఇక మాటల సంగతి. "కొలంబియా" అని ఊరికే రాస్తే మనవాళ్ళు న్యూయార్క్ యూనివర్సిటీ అనుకుంటారు, ఒకసారైనా మిస్సోరి అని తగిలించు. "సీనియర్" అంటే మనకి మనకన్నా ముందు చేరినవాడెవడైనా సరే. అక్కడ నాలుగో ఏడు డిగ్రీ విద్యార్థి. పైగా మనవాళ్ళలో ఎక్కువమంది అమెరికా వెళ్ళేది ఎమ్మెస్‌కి, వాళ్ళకి ఈ నాలుగేళ్ళ మెట్లు తగలవు. ఫుట్‌బాల్ అనగానే కాలితో తన్నే ఆటే గుర్తొస్తుంది కాబట్టి బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆటని అరవాక్యంలో చెప్పు. ఫ్లోట్‌కి శకటం ఉంది, రిపబ్లిక్ డే వార్తల పుణ్యమా అని అందరికీ తెలుసు. టెయిల్‌గేట్‌ని అనువదించకు, బండి వెనక తలుపు తెరిచి, పార్కింగ్ లాట్‌లోనే పొయ్యి వెలిగించారని రాస్తే చాలు. "విరామంలో రాయల్టీ ప్రకటించారు" అని రాశావు, ఎవరికో పుస్తకం డబ్బులొచ్చాయనుకున్నాను. కిరీటం పెట్టారని రాయి. హోమ్‌కమింగ్‌ని "గృహాగమనం" చేసిన చోట హోమ్‌కమింగ్ అనే ఉంచు. ఫేర్‌వెల్ పార్టీతో పోల్చిన వాక్యం కూడా తీసెయ్, అది ఉన్నవాళ్ళు వెళ్ళేవాళ్ళని సాగనంపేది, ఇది వెళ్ళినవాళ్ళని పిలిచేది.

ముగింపులో సూర్యుణ్ణి స్టేడియం వెనక దించావు. ఎత్తేసెయ్. ఆదివారం పొద్దున షీట్ల మీంచి పాంపులు గీకేసి ప్లైవుడ్ గరాజ్‌లో పేర్చాం అని ఎక్కడో ఒక ముక్క వేశావు చూడు, వ్యాసం అక్కడ ఆగాలి. దాన్ని ఆరేడు వాక్యాలు చెయ్యి. దేనితో గీకారు, పుట్టీ బ్లేడుతోనా, పాత స్టీలు స్కేలుతోనా? ఎండిన జిగురు ఊడుతుందా, చెక్క పొరతో సహా లేస్తుందా? ఎన్ని సంచులు నిండాయి? ఆ షీట్లనే వచ్చే ఏడు మళ్ళీ వాడతారా? ఇవేవీ రాయలేదు. గుర్తు లేకపోతే నీతోపాటు గీకిన ఫ్రెష్‌మెన్‌లో ఒకర్ని అడిగి రాసి పంపు.