అమ్మకు అల్జీమర్స్ వస్తే మనం జన్యు పరీక్ష చేయించుకోవాలా?

మీ అమ్మగారికి 74వ ఏట అల్జీమర్స్ అని తేలిందనీ, 43 ఏళ్ల మీరు జన్యు పరీక్ష చేయించుకోవాలా అనీ అడిగారు. గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లోనూ ఇదే ప్రశ్న వచ్చింది కనుక తెలిసినంత మేరకు రాస్తున్నాను.

ఒకనాటి ఉదయం వంటింట్లోకి వెళ్లేసరికి, పులుసు కోసం అమ్మ చింతపండు నానబెట్టిన గిన్నెలు మూడు గట్టు మీద వరుసగా ఉన్నాయి. ఒకటి పెట్టిన సంగతి మరచి ఇంకొకటి పెట్టిందని అర్థమయ్యాక నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అప్పటికి ఆమెకు 72 ఏళ్లు. కొత్తపేటలో చూపించినప్పుడు డాక్టరుగారు మా కుటుంబంలో ఇంకా ఎవరికి వచ్చిందని అడిగి ఊరుకోలేదు, ఏ వయసులో వచ్చిందో గుచ్చి గుచ్చి అడిగారు.

మీరూ ముందు చూసుకోవలసింది ఆ వయసునే. ఏపీపీ, ప్రెసెనిలిన్-1, ప్రెసెనిలిన్-2 అనే మూడు జన్యువుల్లో ఒకదానిలో మార్పు వల్ల వచ్చే వ్యాధి సాధారణంగా 65 ఏళ్లలోపే బయటపడుతుంది, పిల్లల్లో ఒక్కొక్కరికీ ఆ మార్పు సంక్రమించే అవకాశం 50 శాతం. అయితే మొత్తం రోగుల్లో ఇటువంటివారు నూటికి ఒక్కరు కూడా ఉండరు. మన అమ్మల వయసులో వచ్చేదానికి ఎక్కువగా ముడిపడినది 19వ క్రోమోజోముపై ఉన్న ఏపీఓఈ జన్యువు. దానిలోని ఇ4 రకం తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తే ముప్పు సుమారు 2 నుంచి 3 రెట్లు పెరుగుతుంది, ఇద్దరి నుంచీ వస్తే ఇంకా ఎక్కువ. అయినా ఇ4 ఉండి జీవితాంతం జ్ఞాపకశక్తి చెడనివారున్నారు, అది లేకుండానే వ్యాధి వచ్చినవారూ ఉన్నారు.

నేను ఆత్రపడి, ఎవరి సలహా తీసుకోకుండానే ఒక ల్యాబులో రక్తం ఇచ్చాను. ఒక ఇ4 ఉందని రిపోర్టు ఫోనుకు వచ్చింది, దాని అర్థం చెప్పే మనిషి మాత్రం లేడు. ఆ తర్వాత నెలరోజులపాటు బండి తాళం ఎక్కడ పెట్టానో గుర్తురాకపోయినా నాకూ మొదలైందనే భయపడ్డాను. అందుకే, చేయించుకోదలిస్తే ముందుగా జెనెటిక్ కౌన్సెలర్‌తో, అంటే జన్యు పరీక్షల ఫలితాల అర్థం వివరించి సలహా ఇచ్చే నిపుణుడితో మాట్లాడమని గట్టిగా చెబుతున్నాను. రిపోర్టు వల్ల నాలో వచ్చిన మార్పల్లా, మతిమరుపు ముప్పు తగ్గించుకోవడానికని బీపీ మాత్ర మానకుండా వేసుకోవడం, షుగరు చూపించుకోవడం, వినికిడి తగ్గిన చెవిని పరీక్ష చేయించుకోవడం. వీటిలో దేనికీ జన్యు పరీక్ష అక్కరలేదు.

ఇంకొక్క మాట. మీ ఫలితం మీ తోబుట్టువుల గురించి కూడా కొంత చెబుతుంది. మా చెల్లెలు తనకు తెలుసుకోవాలని లేదంది, కానీ అప్పటికే నేను ఆ రిపోర్టును ఇంట్లో అందరికీ చూపించేశాను.