రాత్రి కయాక్ మీద గాలానికి వెళ్తే హెడ్‌ల్యాంప్ ఒక్కటీ చాలదు

మీరు అడిగింది ఇదీ: రాత్రిపూట కయాక్‌లో (తెడ్డుతో నడిపే చిన్న సన్నటి పడవ) చేపలకి వెళ్లడం కొత్తగా మొదలుపెట్టారు, తలకి పెట్టుకునే హెడ్‌ల్యాంప్ ఉంది, లైఫ్ జాకెట్ ఉంది, ఇంకా లైట్లు కావాలా, కావాలంటే ఎక్కడ పెట్టాలి అని. కావాలండి. హెడ్‌ల్యాంప్ దారానికి ముడి వేసుకోవడానికి, చేప నోట్లోంచి గాలం తీయడానికి పనికొస్తుంది. అవతలి పడవ నడిపేవాళ్లకి మీరు కనిపించాలంటే మాత్రం దాన్ని నమ్ముకోకూడదు. నేను మొదట్లో దాన్నే నమ్ముకున్నాను.

ఆ రాత్రి వెన్నెల లేదు. లంగరు వేసుకుని కూర్చున్నాను. లైటు వేస్తే పురుగులు ముసురుకుంటాయని, కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి కదా అని హెడ్‌ల్యాంప్ ఆర్పేశాను. టార్చి వెనక మూత కింద పెట్టెలో ఉంది. దూరంగా మోటారు చప్పుడు వినిపించింది, పట్టించుకోలేదు. కాసేపటికి తల తిప్పి చూస్తే ఎరుపు దీపం, ఆకుపచ్చ దీపం పక్కపక్కనే కనిపించాయి. పడవకి ఎడమ వైపు ఎరుపు, కుడి వైపు ఆకుపచ్చ ఉంటాయి. ఎరుపు ఒక్కటే కనిపిస్తే ఆ పడవ మనకి కుడి నుంచి ఎడమకి పోతున్నట్టు, ఆకుపచ్చ ఒక్కటే అయితే ఎడమ నుంచి కుడికి. రెండూ కలిసి కనిపిస్తే దాని ముక్కు మన వైపే ఉన్నట్టు. రెండిట్లో ఒకటి మాయమవుతుందని చూశాను. కాలేదు. హెడ్‌ల్యాంప్ బటన్ తడుముకుని నొక్కితే ముందు ఎర్ర లైటు వచ్చింది, ఇంకోసారి నొక్కితే మసక లైటు, మూడోసారికి గానీ పూర్తి తెల్ల లైటు రాలేదు. ఆ మూడు నొక్కుళ్లకి పట్టిన సమయం నాకు ఇప్పటికీ గుర్తే. పడవ పక్కకి తిరిగింది, దాని అల వచ్చి అడ్డంగా కొట్టింది, ఎరల పెట్టె నీళ్లలో పడిపోయింది. కయాక్ తిరగబడలేదు, అంతే. ఆ పడవ నడిపే ఆయన వేగం తగ్గించి వెనక్కి వచ్చి, ‘మీ లైటు చూసి గట్టు మీద ఎవరో టార్చి పట్టుకున్నారనుకున్నానండీ’ అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. కయాక్ నీటికి మరీ దగ్గరగా ఉంటుంది. వెనకాల గట్టు మీద నాలుగు దీపాలు వెలుగుతుంటే మన లైటు వాటిలో కలిసిపోతుంది.

అందుకే మొట్టమొదట పోల్ లైటు తీసుకోండి. చుట్టూ 360 డిగ్రీలూ వెలిగే తెల్ల లైటు, సీటు వెనక నిలబెట్టేది. దాని ఎత్తు ముఖ్యం. నేను కొన్న కొత్తలో ఒక స్నేహితుణ్ణి గట్టు మీద వంద అడుగుల దూరంలో నిలబెట్టి, లోతు లేని చోట కయాక్‌ని మెల్లగా గుండ్రంగా తిప్పాను. వాడు ‘ఉంది, ఉంది, ఉంది’ అంటూ వచ్చి, నేను ఎదురుగా తిరిగేసరికి ‘పోయింది’ అన్నాడు. లైటు నా భుజాల ఎత్తులో ఉంది, నా తలే దానికి అడ్డం. అంటే ముందు నుంచి వచ్చే పడవకి నేను లేనట్టే. పోల్ పెంచి, టోపీ కన్నా ఒక జానెడు పైకి వచ్చాక గానీ చుట్టూ కనబడలేదు. ఈ పరీక్ష మీరు తప్పకుండా చేయండి, పది నిమిషాల పని.

ఎత్తు సరిపోయాక ఇంకో ఇబ్బంది వస్తుంది. ఆ వెలుగు మీ చేతుల మీద, కయాక్ మీద పడి కళ్లు చెదురుతాయి. చీకటికి కళ్లు బాగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, తెల్ల లైటు ఒక్కసారి కళ్లలో పడితే అదంతా పోతుంది. నేను నల్ల ప్లాస్టిక్ మూత ఒకటి గుండ్రంగా కత్తిరించి లైటు కిందుగా పోల్‌కి తొడిగాను. వెలుగు బయటికే పోతుంది, నా మీద పడదు. ఎర, ముడి లాంటి పనులకి హెడ్‌ల్యాంప్‌లో ఎర్ర లైటు వాడండి, పని కాగానే ఆర్పేయండి. వెలిగించి ఉంచేస్తే దాన్ని పడవ ఎడమ దీపం అనుకునే ప్రమాదం ఉంది.

నియమాల సంగతి. సముద్రంలో పడవలు గుద్దుకోకుండా పెట్టిన 1972 అంతర్జాతీయ నియమాల్లో 25వ నియమం ప్రకారం తెడ్డుతో నడిచే పడవ తెరచాప పడవల దీపాలు పెట్టుకోవచ్చు. పెట్టుకోకపోతే తెల్ల టార్చి గానీ లాంతరు గానీ చేతికి అందేలా ఉంచుకుని, గుద్దుకోకముందే చూపించాలి. ఇది కనీసం మాత్రమే. నా దృష్టిలో చేపల వేటకి ఇది చాలదు, చేప పడ్డప్పుడు రెండు చేతులూ ఖాళీ ఉండవు కదా. కయాక్‌కి మోటారు బిగిస్తే అది మోటారు పడవ కిందికే వస్తుంది. 7 మీటర్ల లోపు ఉండి, వేగం 7 నాట్లు (గంటకి సుమారు 13 కిలోమీటర్లు) దాటని పడవకి చుట్టూ వెలిగే తెల్ల లైటు, వీలైతే ఎరుపు-ఆకుపచ్చ కూడా ఉండాలి. మీరు వెళ్లే నీళ్లకి విడిగా నియమాలు ఉండొచ్చు, అవి చూసుకోండి.

టార్చి మాత్రం పెట్టెలో వద్దు. తాడుతో లైఫ్ జాకెట్‌కి కట్టుకోండి. పడవ దగ్గరికి వస్తుంటే ముందు మీ ఒంటి మీద, కయాక్ మీద వేసుకోండి, అప్పుడు అక్కడో మనిషి ఉన్నాడని తెలుస్తుంది. నడిపేవాళ్ల కళ్లలోకి సూటిగా కొట్టొద్దు, వాళ్లకి అసలేమీ కనబడకుండా పోతుంది. తెడ్డు రెండు రెక్కలకీ మెరిసే టేపు అంటించండి. వాళ్ల లైటు పడినప్పుడు తెడ్డు కదలిక చాలా దూరం నుంచి కనిపిస్తుంది.

మిణుకుమిణుకుమనే లైటు మామూలుగా వేసుకోవద్దు. అమెరికా లోతట్టు జలాల నియమాల్లో నిమిషానికి 50 నుంచి 70 సార్లు వెలిగి ఆరే ప్రకాశవంతమైన తెల్ల లైటు అంటే ఆపదలో ఉన్నామని అర్థం. అది లైఫ్ జాకెట్ భుజానికి ఉండనివ్వండి, నీళ్లలో పడితే వాడడానికి. అలాగే చేపల్ని రప్పించడానికి నీళ్లలోకి దింపే ఆకుపచ్చ లైటుని రక్షణ లైటుగా లెక్కపెట్టకండి.

లైట్లు కొనేటప్పుడు ఐపీఎక్స్7 అని ఉందా చూడండి, 1 మీటరు లోతులో 30 నిమిషాలు తట్టుకుంటుందని దాని అర్థం. ఉప్పునీళ్లయితే ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి తుడవండి, లేకపోతే బ్యాటరీ దగ్గర రాగి భాగాలు పచ్చబడిపోతాయి. వెళ్లేముందు గట్టు మీదే అన్నీ ఒకసారి వెలిగించి చూసుకోండి.

మీ కయాక్‌లో సీటు వెనక గాలపు కర్ర నిలబెట్టే రంధ్రం ఉందా? ఉంటే పోల్ లైటు అందులోనే నిలబెట్టొచ్చు, కొత్తగా డ్రిల్లు చేయక్కర్లేదు. ఏ మోడలో చెప్పండి, ఎలా బిగించాలో వివరంగా రాస్తాను.